పిల్లల నాటకంలో పిల్లల గొంతు

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరుపతిలో స్కూళ్ల వార్షికోత్సవాల కాలం. సాయంత్రం ఆరు దాటాక ఏదో ఒక స్కూలు గ్రౌండులో షామియానా, రంగు లైట్లు, ముఖానికి మేకప్ పట్టించుకుని వరుసలో నిలబడ్డ పిల్లలు కనిపిస్తారు. డాన్సుల మధ్యలో ఒక నాటిక కూడా ఉంటుంది. రాజు వేషంలో ఉన్న ఏడో తరగతి పిల్లవాడు చేయి పైకెత్తి గర్జిస్తాడు. గర్జన స్పీకర్లోంచి వస్తుంది. ఆ గొంతు వాడిది కాదు. డైలాగులన్నీ ముందే రికార్డు చేయించి, మధ్యమధ్యలో సంగీతం కలిపి, పెన్‌డ్రైవులో తెచ్చి సౌండ్ సిస్టమ్ చూసే అబ్బాయి చేతికి ఇచ్చి ఉంటారు. పిల్లలు పెదవులు కదిపి చేతులు ఊపితే చాలు.

ఈ పద్ధతి ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఐదారు వందల మంది చదివే స్కూల్లో తమ బిడ్డ ఒక్కసారైనా స్టేజీ ఎక్కాలని ప్రతి తల్లీ తండ్రీ కోరుకుంటారు. ఆ కోరిక న్యాయమైనదే. అందరికీ చోటివ్వాలంటే ఒక్కో ఐటెమ్‌కు దక్కేది ఐదారు నిమిషాలు. మైకు మొరాయిస్తుందేమో, పిల్లవాడు డైలాగు మరిచిపోతాడేమో, ముఖ్య అతిథి ముందు పరువు పోతుందేమో అని టీచర్లకు టెన్షన్. ముందే రికార్డు చేసిన ఈ ట్రాక్ ఉంటే ఆ టెన్షన్ అంతా తీరిపోతుంది. కానీ దానితో పాటు నాటకం వల్ల పిల్లలకు అందాల్సిన అసలు సరుకు కూడా పోతోంది. రాత్రంతా గొంతెత్తి ఆడే వీధి నాటకం ఇంకా బతికున్న చిత్తూరు సీమలో ఇలా జరగడం మరింత బాధాకరం.

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలైందే విద్యార్థులతో. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేతనే 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. కోర్టుల చుట్టూ జరిగే మోసాల మీద రాసిన నాటకం అది. కందుకూరి పుట్టిన ఏప్రిల్ 16ను ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆ రోజు దండలు పడేది పెద్దాయన ఫొటోకు. ఆయన రాసినదాన్ని మొదట పలికిన గొంతులు మాత్రం చదువుకునే కుర్రవాళ్లవి. చిత్తూరుకు కూడా తన రంగస్థల గర్వం ఉంది. ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో పేరు తెచ్చుకుని 1938లో సినిమాల్లోకి వెళ్లిన నాగయ్యను జనం చివరిదాకా చిత్తూరు నాగయ్య అనే పిలిచారు. పుట్టింది గుంటూరు సీమలోనైనా, వేషం కట్టిన ఊరే ఆయన ఇంటిపేరులా నిలిచిపోయింది.

రిహార్సల్ రోజులు

బడిలో నాటకం వేసినవాళ్లను ఏళ్ల తర్వాత కదిపి చూస్తే స్టేజీ మీద గడిపిన ఇరవై నిమిషాల గురించి పెద్దగా చెప్పరు. లైట్లు కళ్లలో పడ్డాయని, ఏమీ కనబడలేదని, ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో తెలియలేదని అంటారు. అదే రిహార్సళ్ల గురించి అడిగితే మాట ఆగదు. మధ్యాహ్న భోజనం అయ్యాక ఖాళీ క్లాసురూములో బల్లలు పక్కకు జరపడం, చీపురు కర్ర గద కావడం, స్టాఫ్‌రూము కుర్చీ సింహాసనం కావడం, నవ్వు ఆపుకోలేక అయ్యవారి చేత తిట్లు తినడం, అన్నీ వరుసగా గుర్తుంటాయి. నాటకం పిల్లలకు చేసే మేలు దాదాపు అంతా ఈ రోజుల్లోనే జరుగుతుంది.

మొదటి గాయం కూడా ఇక్కడే తగులుతుంది. పాత్రలు పంచే రోజున ఎర్రగా ఉన్నవాడికి రాముడు, లావుగా ఉన్నవాడికి ఘటోత్కచుడు, ఫస్టు ర్యాంకు వచ్చే అమ్మాయికి పెద్ద డైలాగులున్న పాత్ర, నల్లగా ఉన్న అమ్మాయికి మంథర. ఇవ్వడంలో ఏ చెడ్డ ఉద్దేశమూ లేకపోవచ్చు. కానీ పన్నెండేళ్ల పిల్లకు తనను లోకం ఎలా చూస్తోందో అందరి ముందూ చెప్పినట్టవుతుంది. చాలామంది ఆడపిల్లలు ఆ తర్వాత మళ్లీ స్టేజీ వైపు రారు. కొందరు టీచర్లు దీనికి మంచి ఉపాయం పాటిస్తారు. మొదటి నాలుగు రోజులూ పాత్రలు పంచరు. అందరూ అన్ని పాత్రలూ ఒక్కోసారి చదవాలి. ఆఖరి బెంచీలో తలదించుకుని కూర్చునే పిల్లవాడి గొంతులో ఎంత బరువుందో అప్పుడు తెలుస్తుంది. క్లాసులో వాడు నోరు తెరిచిన సందర్భమే లేకపోతే అది తెలిసే దారి ఏముంది?

తర్వాత కంఠస్థం. మొదటి వారం ప్రతివాడూ తన డైలాగులను పద్యం అప్పజెప్పినట్టు అప్పజెబుతాడు. ఎదుటివాడు ఏమంటున్నాడో వినడు, తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు. రెండో వారానికి ఒక మార్పు కనిపిస్తుంది. ఎదుటివాడి చివరి మాట చెవిన పడగానే తన మాట దానంతట అదే నోటికి వస్తుంది. ఆ మాటతో పాటు నాలుగడుగులు వేయడం, చెంబు అందుకోవడం లాంటి పని ఏదైనా జతపడి ఉంటే ఇంకా గట్టిగా నిలుస్తుంది. మాట ఒక్కటే గుర్తుపెట్టుకోవడం కన్నా చోటుతో, కదలికతో, ఎదుటి ముఖంతో కలిపి గుర్తుపెట్టుకోవడం తేలిక. పరీక్ష కోసం చదివిన పాఠం వారానికి పోయినా, తొమ్మిదో తరగతిలో వేసిన పాత్ర డైలాగు నలభై ఏళ్లకూ నోట్లో ఆడుతుండటానికి కారణం ఇదే.

మూడో వారానికి వచ్చేసరికి అందరి డైలాగులూ అందరికీ వచ్చేస్తాయి. "చిత్తం మహాప్రభూ" అనే ఒక్క మాట తప్ప మరేమీ లేని భటుడి వేషగాడికి నాటకమంతా నోటికి వచ్చి ఉంటుంది. రాజు వేషం పిల్లవాడికి జ్వరం వచ్చిన రోజున ఈ భటుడే సింహాసనం ఎక్కుతాడు. ఇలాంటి కథ దాదాపు ప్రతి బడిలోనూ వినిపిస్తుంది. అందులో అదృష్టం పాత్ర తక్కువ. పక్కవాడి మాటను ఇరవై రోజులు శ్రద్ధగా విన్నందుకు దక్కిన ఫలితం అది.

అయ్యవారు నేర్పే తీరు మీద కూడా చాలా ఆధారపడి ఉంటుంది. ప్రతి డైలాగునూ తానే నటించి చూపించి "ఇట్లా చెప్పు" అంటే, స్టేజీ మీద పది మంది పిల్లలు కాకుండా ఒకే అయ్యవారు పది రూపాల్లో కనిపిస్తారు. కోపం అంటే కళ్లు పెద్దవి చేసి అరవడమే అని పిల్లలు స్థిరపరచుకుంటారు. అదే "మీ ఇంట్లో నాయనకు కోపం వస్తే ఏం చేస్తాడు?" అని అడిగితే జవాబులు పది రకాలుగా వస్తాయి. ఒకడు గిన్నె విసురుతాడని చెబుతాడు. ఇంకొకడు, ఏమీ మాట్లాడకుండా తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోతాడని చెబుతాడు. ఈ రెండో జవాబును స్టేజీ మీద పెట్టి చూస్తే, అరుపు లేని ఆ కోపానికి జనం నిశ్శబ్దమైపోతారు. పిల్లవాడు తన ఇంటిని గమనించడం, ఆ గమనించినదానికి విలువ ఉందని తెలుసుకోవడం ఇలాంటప్పుడే జరుగుతుంది. ఇంట్లో జరిగేదాన్ని అందరి ముందు చెప్పలేని పిల్లలు కూడా ఉంటారు. వాళ్లను గుచ్చి అడగకపోవడం మంచిది.

ఇక భయం. స్టేజీ ఎక్కబోయే పిల్లవాడికి గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. ఊపిరి చాలకపోతే గొంతు సన్నబడుతుంది, మాట వేగం పెరుగుతుంది. రిహార్సల్లో ఇరవై నిమిషాలు పట్టిన నాటిక స్టేజీ మీద పదిహేను నిమిషాలకే అయిపోవడం అందుకే. దీనికి మందు ధైర్యవచనాలు కాదు. ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే గుండె వేగం కాస్త తగ్గుతుంది. దాన్ని మొదటి రోజు నుంచీ రిహార్సల్లో అలవాటు చేయాలి. గ్రౌండు చుట్టూ నడుస్తూ, తాడాట ఆడుతూ డైలాగులు చెప్పించడం కూడా పనికొస్తుంది. ఒళ్లు అలసి ఉన్నప్పుడు కూడా మాట వస్తుందని ఒకసారి తెలిశాక పిల్లలకు ఆ మాట మీద నమ్మకం కుదురుతుంది.

అయినా మరిచిపోతారు. అప్పుడు జరిగేది చూడదగ్గది. దుర్యోధనుడు డైలాగు మధ్యలో ఆగిపోతాడు. రెండు క్షణాలు, మూడు క్షణాలు. పక్కన శకుని వేషం కట్టిన అబ్బాయి మెల్లగా ముందుకు వచ్చి, "అల్లుడూ, నీ మనసులో మాట నేను చెప్పనా?" అని ఎక్కడా రాసి లేని మాట ఒకటి అందుకుంటాడు. దుర్యోధనుడికి దారి దొరుకుతుంది. చూసేవాళ్లకు తెలియదు. ఆ ఇద్దరికీ తెలుసు, సైడ్ వింగులో కాగితాలు పట్టుకుని ప్రాంప్టింగ్ ఇస్తున్న అమ్మాయికి తెలుసు. ముగ్గురి స్నేహమూ ఆ రాత్రితో ఇంకో మెట్టు ఎక్కుతుంది. ట్రాక్ మీద ఆడే నాటికలో ఇది జరగడానికి వీల్లేదు. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. పిల్లవాడు ఒక్క అడుగు వెనకబడితే మాట ఒకచోట, పెదవి ఒకచోట అవుతాయి. జనం నవ్వుతారు. తన చేతిలో లేని తప్పుకు ఆ పిల్లవాడు సిగ్గుపడాలి. పక్కవాడు ఆదుకోవాలనుకున్నా వాడికీ గొంతు లేదు.

మైకు, గ్రౌండు, మూడు వైపులా జనం

ట్రాక్ వాడటానికి స్కూళ్లు చెప్పే మొదటి కారణం పిల్లల గొంతు వినబడదని. అది నిజం. గోడలు లేని ఆరుబయట, దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మొదటి వరుస 3 మీటర్ల దూరంలో, చివరి వరుస 24 మీటర్ల దూరంలో ఉంటే ఆ రెండింటి మధ్య 18 డెసిబెల్స్ తేడా. మొదటి వరుసకు చక్కగా వినిపించే మాట చివరి వరుసకు చేరేలోపు చంటిపిల్లల ఏడుపుల్లో, ఐస్‌క్రీమ్ బండి గంటలో కలిసిపోతుంది.

అందుకని స్టేజీ ముందు రెండు స్టాండు మైకులు పెడతారు. అక్కడి నుంచి నాటకం ఉపన్యాసంగా మారుతుంది. సీత రాముడితో మాట్లాడాలన్నా మైకు వైపు చూసే మాట్లాడాలి. పాత్రలన్నీ గ్రూపు ఫొటోకు నిలబడ్డట్టు ఒకే గీత మీదికి వస్తాయి. ఒకడు డైలాగు చెప్పి పక్కకు తప్పుకుంటే ఇంకొకడు మైకు దగ్గరికి వస్తాడు. కాలర్ మైకులు అందరికీ అద్దెకు తేవడం అన్ని స్కూళ్లకూ కుదిరే పని కాదు. స్టేజీ పైనుంచి వేలాడదీసే మైకులు కొంత మేలు.

అసలు దారి మాత్రం ఇంటి పక్కనే ఉంది. చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే మహాభారత ఉత్సవాలు చూసినవాళ్లకు తెలుసు. పద్దెనిమిది రోజుల పాటు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. రాత్రి పది దాటాక మొదలై తెల్లవారేదాకా సాగుతుంది. ఇద్దరు మనుషులు చేతులతో ఒక తెర పట్టుకుంటారు. దాని వెనక నుంచి పాత్ర పాడుతూ తన గురించి చెప్పుకుంటుంది. ముందు గొంతు, తర్వాత గజ్జెల చప్పుడు, ఆ తర్వాత కిరీటం అంచు, చివరికి మనిషి. జనం మూడు వైపులా నేల మీద కూర్చుని ఉంటారు. ఇప్పుడు అక్కడా మైకులు వచ్చాయి. కానీ ఆ ఏర్పాటు పుట్టింది మైకు లేని కాలంలో. రెండు వందల మంది మూడు వైపులా నేల మీద సర్దుకుని కూర్చుంటే ఆఖరి మనిషి కూడా ఎనిమిది, తొమ్మిది మీటర్ల దూరంలోనే ఉంటాడు. ఏడో తరగతి పిల్లవాడి గొంతు అంత దూరం ఇబ్బంది లేకుండా పోతుంది. స్కూలు ఆవరణలో ఒక వేపచెట్టు కింద, పగటి వెలుతురులో, ఒక్కసారి ఇలా ఆడించి చూస్తే ఖర్చు ఒక దుప్పటి మాత్రమే. అది తెరకు.

అందరికీ ఒకే రాత్రి, ఒకే స్టేజీ అనే పట్టు విడిచిపెడితే ఇంకో చిక్కు కూడా తీరుతుంది. నవంబరు 14న ఒక క్లాసు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఇంకో క్లాసు, జనవరి 26కు మరొకటి చెట్టు కింద ఆడితే, ఏడాది పొడుగునా పిల్లలందరికీ వంతు వస్తుంది.

గొంతు అన్నప్పుడు శబ్దం ఒక్కటే లెక్క కాదని కూడా చెప్పాలి. టీటీడీ తిరుపతిలో వినికిడి లోపం ఉన్న పిల్లల కోసం ప్రత్యేకంగా బడి నడుపుతోంది. అలాంటి పిల్లలకు చేతులే మాటలు. ముఖంలోనూ వేళ్లలోనూ వాళ్లు పలికించే స్పష్టత మామూలు స్కూలు పిల్లల మైమ్‌లో అరుదుగా కనిపిస్తుంది. అక్కడి పిల్లల దగ్గర సైగల నాటకం నేర్చుకునే అవకాశం నగరంలోని మిగతా స్కూళ్లకు చేతికందేంత దూరంలో ఉంది.

ఏ తెలుగులో మాట్లాడాలి?

పిల్లవాడు క్లాసు బయట "యాడికి పోతా ఉండావురా?" అంటాడు. నాటకంలో అదే పిల్లవాడు "ఎక్కడికి వెళ్తున్నావు మిత్రమా?" అనాలి. పౌరాణికానికి ఆ భాష తగినదే, గ్రాంథికాన్ని నోరారా పలకడంలో ఒక ఆనందం కూడా ఉంది. ఇబ్బంది సాంఘిక నాటికలతో. రైతు వేషం వేసిన పిల్లవాడు తలపాగా చుట్టుకుని "వర్షాలు లేక వేరుశనగ పంట ఎండిపోయింది" అని వార్తలు చదివినట్టు చెబుతాడు. వాడి తాత అయితే "వాన రాక చెనిక్కాయ చెట్టంతా ఎండిపాయ కదప్పా" అని ఉండేవాడు. రెండో మాట చెప్పనిస్తే పిల్లవాడి భుజాలు వాటంతట అవే కుంగుతాయి, చేయి నుదుటి మీదికి వెళ్తుంది. భాషతో పాటు ఒళ్లు కూడా వస్తుంది. అభినయం విడిగా నేర్పే పని తగ్గుతుంది.

మన యాస స్టేజీ మీద అసలు వినిపించదని కాదు. వినిపిస్తుంది, తాగుబోతు నోట, పనివాడి నోట, నవ్వించే పాత్ర నోట. సినిమాల్లో సీమ మాట కత్తి పట్టినవాడి నోటనో, కామెడీ నోటనో వినబడటం వల్ల పడ్డ అలవాటు ఇది. చదువుకున్న డాక్టరమ్మ పాత్ర చిత్తూరు మాటల్లో మాట్లాడితే ఎవరూ నవ్వకుండా వినే రోజు రావాలంటే, అది మొదలుపెట్టడానికి బడి నాటకం కన్నా మంచి చోటు లేదు. నగరి, కుప్పం వైపు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలున్న క్లాసుల్లో పాత్రలు రెండు భాషలు కలిపి మాట్లాడినా తప్పేం లేదు. సంతలో జరిగేది అదే కదా.

ఇంగ్లిష్ మీడియం స్కూళ్లలో ఇంగ్లిష్ నాటికలు వేయిస్తున్నారు. ఇంగ్లిష్‌లో నోరు విప్పడానికి నాటకం చాలా మంచి సాధనం. కాకపోతే అర్థం తెలియని వాక్యాలను శబ్దంగా బట్టీ పట్టిస్తే అది నాటకమూ కాదు, ఇంగ్లిషూ కాదు. ముందు కథను పిల్లలు తెలుగులో ఆడి, తర్వాత తమకు వచ్చిన చిన్న చిన్న ఇంగ్లిష్ మాటల్లోకి తామే మార్చుకుంటే తేడా తెలుస్తుంది.

జాతర వేషం, బడి వేషం

ప్రతి ఏటా మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఇలా రోజుకొక వేషం. మొక్కు ఉన్నవాళ్లు ఒంటికి రంగు పూసుకుని, మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని గుడికి వెళ్తారు. చిన్న మగపిల్లలకు కూడా తల్లులే జడ వేసి, బొట్టు పెట్టి తీసుకెళ్తారు. ఊరంతా దాన్ని భక్తిగా చూస్తుంది, ఎగతాళి ఉండదు.

అదే పిల్లవాడికి జనవరిలో స్కూలు నాటికలో ఆడవేషం ఇస్తే ఏడుస్తాడు. క్లాసులో ఏడాదంతా ఆ పేరుతో పిలుస్తారని భయం. ఆ భయం వట్టిది కాదు, నిజంగానే పిలుస్తారు. వేషం కట్టడాన్ని గౌరవంగా చూసే ఊరు, బడి గేటు లోపల ఆ గౌరవాన్ని మరిచిపోతోంది. జాతర జరిగేది వేసవి సెలవుల్లో, నాటికలు వేసేది చలికాలంలో. ఈ రెండింటికీ సంబంధం ఉందని పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. రిహార్సల్ మొదటి రోజున ఒక్క గంట జాతర వేషాల గురించి మాట్లాడితే, మగవాళ్లు ఆడవేషాలు కట్టిన పాతకాలపు నాటక సమాజాల గురించి చెబితే, ఎగతాళికి ముందే అడ్డుకట్ట పడుతుంది.

ఆడపిల్లల హైస్కూళ్లలో ఈ చిక్కు తక్కువ. అక్కడ భీముడూ అమ్మాయే, కీచకుడూ అమ్మాయే. కాటుకతో మీసం దిద్దుకుని, గొంతు లావు చేసి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడటంలో వాళ్లు పొందే స్వేచ్ఛ చూస్తేనే తెలుస్తుంది. ఆడా మగా కలిసి చదివే బడిలో మాత్రం ఎనిమిదో తరగతి దాటాక భార్యాభర్తల పాత్రలంటే టీచర్లు జంకుతారు, తల్లిదండ్రులు ఒప్పుకోరు. కథలో భార్య అక్కగా మారిపోతుంది. పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకైతే ఇంతకన్నా పెద్ద అడ్డంకి ఊరి బస్సు. బడి వదిలాక రిహార్సల్ అంటే బస్సు తప్పుతుంది, అంతే, పాత్ర పోతుంది. బడివేళల్లోనే రిహార్సల్ పెట్టడం ఒక్కటే దీనికి విరుగుడు.

డబ్బు సంగతి క్లుప్తంగా. డ్రెస్సుల అద్దె, మేకప్ ఖర్చు తల్లిదండ్రుల నుంచి వసూలు చేసే స్కూళ్లలో పేద పిల్లలు వాళ్లంతట వాళ్లే "నాకు ఇష్టం లేదు సార్" అంటారు. ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. అట్టముక్కకు బంగారు రంగు కాగితం అతికిస్తే కిరీటం, దూది అతికిస్తే గడ్డం, టీచరమ్మ పట్టుచీర పంచెగా కడితే రాజు. ప్రభుత్వ బడుల్లో ఎప్పటినుంచో జరుగుతున్నది ఇదే. చేత్తో చేసుకున్న కిరీటం మీద పిల్లలకుండే మమకారం అద్దె కిరీటం మీద ఉండదు.

టైము సంగతి ఇంకా గట్టిది. మార్చిలో పబ్లిక్ పరీక్షలని పదో తరగతి వాళ్లను నాటకాల దరిదాపులకు రానివ్వరు. పరీక్ష గదిలో కూర్చోవడానికి కావాల్సిన గుండె నిబ్బరం, ఊపిరి అదుపు, జ్ఞాపకం అన్నీ రిహార్సల్లో దొరికేవే. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాళ్లకు ఒక నాటిక ఇస్తే చదువుకు వచ్చే నష్టం లేదు. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం సంగీతం, నృత్యం, దృశ్యకళలతో పాటు నాటకాన్ని కూడా చదువులో భాగం చేయాలని చెప్పింది. 2015 నుంచి బడి పిల్లల కోసం కళా ఉత్సవ్ పేరుతో జాతీయ స్థాయి కళల పోటీలు జరుగుతున్నాయి. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికకు విడిగా విభాగం ఉంది. బెంగళూరులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం దక్షిణాది రాష్ట్రాల విద్యార్థులకు సైన్స్ నాటక పోటీలు పెడుతోంది. కాగితం మీద లోటు లేదు. బడిలో నాటకం కోసమంటూ ఒక టీచరు లేకపోవడమే లోటు. తెలుగు అయ్యవారికో టీచరమ్మకో ఆసక్తి ఉంటే నాటకం ఉంటుంది, బదిలీ అయితే నాటకమూ వాళ్లతో పాటే బదిలీ అవుతుంది.

ఏనుగును ఎలా చూపించాలి?

తమ కథ తామే రాసుకోమంటే పిల్లలు ఏం రాస్తారు? మొదట ప్లాస్టిక్ వద్దని, సెల్‌ఫోన్ వద్దని, చెట్లు నాటాలని రాస్తారు. పెద్దలకు ఇవి నచ్చుతాయని వాళ్లకు తెలుసు. వాటిని పక్కన పెట్టి "మీ ఊళ్లో పోయిన నెల అందరూ దేని గురించి మాట్లాడుకున్నారు?" అని అడగాలి. అప్పుడు అసలు కథలు బయటికి వస్తాయి. తోతాపురి మామిడికి ధర లేక ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరడం, టమాటా రోడ్డు పక్కన పారబోయడం, కొండకు వచ్చిన యాత్రికుల మధ్య తప్పిపోయిన ముసలమ్మ. పలమనేరు, కుప్పం వైపు పిల్లలైతే కౌండిన్య అభయారణ్యం నుంచి రాత్రిపూట పొలాల మీదికి వచ్చే ఏనుగుల గురించి చెబుతారు.

అప్పుడు క్లాసులో పెద్ద చర్చ. స్టేజీ మీదికి ఏనుగును ఎలా తేవాలి? నలుగురు బూడిద రంగు దుప్పటి కప్పుకుని వంగి నడుస్తామంటారు. ఆడి చూస్తే అందరూ నవ్వుతారు, భయం పుట్టదు. అట్టతో తల చేద్దామంటారు. ట్రాక్ రికార్డు చేయించే స్కూల్లో అయితే ఇంటర్నెట్ నుంచి ఘీంకారం దించుకుంటే పని అయిపోతుంది, చర్చ ఉండదు. ఇక్కడ మాత్రం ఎవరో ఒకరు, సాధారణంగా పొలం ఉన్న ఇంటి పిల్ల, అసలు ఏనుగు కనబడకూడదని అంటుంది. మా నాయన కూడా ఏనుగును చూడలేదు, చెరుకు విరిగే చప్పుడే విన్నాడు అంటుంది. ఎండు కొమ్మలు తెస్తారు. తెర వెనక ఒక్కొక్కటిగా విరుస్తారు. ముందు దూరంగా, తర్వాత దగ్గరగా. స్టేజీ మీద తండ్రి వేషం కట్టిన పిల్లవాడు టార్చిలైటు ఆర్పేసి, పక్కనున్న కొడుకు నోటి మీద చేయి పెడతాడు. మాట లేదు. తెర వెనక ఇంకో కొమ్మ విరుగుతుంది.

వీధి నాటకంలో తెర వెనక నుంచి ముందు గొంతు వినిపించే పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. దాన్ని ఎవరూ ఆ పిల్లలకు పాఠంగా చెప్పలేదు. ఉత్సవాల రాత్రుల్లో తల్లి ఒడిలో నిద్రపోతూ లేస్తూ చూసినది లోపల ఎక్కడో ఉండిపోయింది.

నాటకం ఆడిన రాత్రి పదిన్నరకు కొబ్బరినూనె రాసి పాత గుడ్డతో మేకప్ తుడుచుకుంటారు. చెవుల వెనక రంగు మర్నాటికీ పోదు. ఇంటికి వెళ్లే ఆటోలో ఎవరూ మామూలు మాటలు మాట్లాడరు. ఒకడు తన డైలాగు అందుకుంటాడు, ఇంకొకడు జవాబు చెబుతాడు, అలా మొదటి సీను నుంచి మళ్లీ మొదలవుతుంది. ప్రాంప్టింగ్ ఇచ్చిన అమ్మాయి ఈసారి కాగితం లేకుండానే, ఎవరు ఎక్కడ తప్పారో ఆపి మరీ చెబుతుంది. ఆటో ఆమె వీధి మలుపు దగ్గర ఆగుతుంది. మిగిలిన సీన్లు సోమవారం చూసుకుందామని దిగి వెళ్లిపోతుంది.